తెలుగునాట వైద్య దాతృత్వం

తెలుగునాట వైద్య దాతృత్వం అనగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని ప్రత్యేక వైద్యశాలలకు, మానసిక వైద్య సేవలకు వ్యక్తులు, కుటుంబాలు, ధార్మిక సంస్థలు, ప్రవాసులు, వ్యాపార సంస్థలు ఇచ్చే ధన, భూ, శ్రమ దానాల సమాహారం. కంటి వైద్యం, క్యాన్సర్, గుండె జబ్బులు, కుష్ఠు, ఎముకల వైద్యం వంటి రంగాలలో తెలుగునాట పేరుపొందిన పలు ఆసుపత్రులు దాతల సహాయంతో వెలిసినవే. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ, బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి, పుట్టపర్తిలోని శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. మానసిక వైద్యానికి మాత్రం దాతృత్వం ఇదే స్థాయిలో అందలేదు. ఈ రంగం ప్రధానంగా ప్రభుత్వ ఆసుపత్రుల మీద, కొద్దిపాటి స్వచ్ఛంద సంస్థల మీద, అన్నిటికంటే ఎక్కువగా రోగి కుటుంబం మీద ఆధారపడి ఉన్నది. పెద్ద నగరాలకు దూరంగా ఉన్న కాటారం వంటి మండలాలలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

పరిధి

వైద్య సేవలను సాధారణంగా మూడు అంచెలుగా విభజిస్తారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో లభించేది మొదటి అంచె. ప్రాంతీయ, జిల్లా ఆసుపత్రులలో లభించేది రెండవ అంచె. ప్రత్యేక నిపుణులు, ఖరీదైన పరికరాలు అవసరమైన గుండె శస్త్రచికిత్స, క్యాన్సర్ చికిత్స, కార్నియా మార్పిడి వంటివి మూడవ అంచెకు చెందుతాయి. మూడవ అంచెలో ఒక్కొక్క రోగికయ్యే ఖర్చు పేద కుటుంబపు ఏడాది ఆదాయాన్ని మించిపోవచ్చు. అందుచేత దాతృత్వం ఎక్కువగా ఈ అంచె వైపే ప్రవహించింది.

మానసిక వైద్యం స్వభావం వేరు. ఇందులో ఖరీదైన యంత్రాల అవసరం తక్కువ, మనుషుల అవసరం ఎక్కువ. మనోవైద్యుడు, మనస్తత్వ శాస్త్ర నిపుణుడు, శిక్షణ పొందిన నర్సు, సామాజిక కార్యకర్త, నెలనెలా మందులు, కోలుకున్న తరువాత ఉండడానికి ఒక చోటు, చేయడానికి ఒక పని - ఇవన్నీ ఏళ్ళ తరబడి అందుతూ ఉండాలి. ఒక భవనం కట్టి ఇచ్చినంత మాత్రాన ఈ అవసరం తీరదు.

చరిత్ర

ప్రాచీన, మధ్య యుగాలు

తెలుగు దేశంలో వైద్యానికి దానమివ్వడం పురాతనమైన ఆచారం. గుంటూరు జిల్లాలోని మల్కాపురం శాసనం (సా.శ. 1261) ఇందుకు ముఖ్యమైన ఆధారం. కాకతీయ రుద్రమదేవి కాలంలో గోళకీ మఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యునికి లభించిన గ్రామాల ఆదాయంతో నడిచిన సంస్థలలో విద్యామఠం, అన్నసత్రంతో పాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల కూడా ఉన్నాయి. అక్కడ పనిచేసే వైద్యునికి జీవనాధారం ఏర్పాటు చేసిన సంగతి కూడా ఈ శాసనం వల్ల తెలుస్తున్నది. భవనానికి మాత్రమే గాక, అందులో పనిచేసే మనుషులకు, నిత్య నిర్వహణకు కూడా శాశ్వతమైన ఆదాయం కల్పించడం ఈ దానంలోని విశేషం.

మిషనరీ వైద్యశాలలు

19వ శతాబ్ది చివరినుంచి క్రైస్తవ మిషనరీ సంస్థలు తెలుగు ప్రాంతాలలో ఆసుపత్రులు నెలకొల్పాయి. సమాజం వెలివేసిన రోగాలకు ప్రత్యేక వైద్యం ఎక్కువగా వీటి ద్వారానే మొదలయింది. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం క్షయ వైద్యశాల పలు మిషనరీ సంఘాల ఉమ్మడి చందాలతో 1910లలో రూపుదిద్దుకొన్నది. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో స్కాట్లండుకు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రిని ప్రారంభించారు. దీనికి స్థానికుడైన రాజా నర్సాగౌడ్ పెద్దమొత్తంలో విరాళమిచ్చాడు. విదేశీ మిషనరీలు, స్థానిక హిందూ దాత, నిజాం రాజ్యం కలిసి ఒక ప్రత్యేక వైద్యశాలకు తోడ్పడిన సందర్భమిది.

కుష్ఠు నివారణలో విదేశీ విరాళాల పాత్ర తరువాత కూడా కొనసాగింది. బ్రిటన్‌లో బి.బి.సి. ప్రసారం చేసే పిల్లల కార్యక్రమం "బ్లూ పీటర్" ద్వారా అక్కడి పిల్లలు సేకరించిన సొమ్ముతో హైదరాబాదులోని చర్లపల్లిలో లెప్రా సంస్థ పరిశోధనా కేంద్రం ఏర్పడింది. ఆ కేంద్రానికి బ్లూ పీటర్ పేరే పెట్టారు.

నిజాం కాలం, తరువాత

హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రి 1953లో ప్రారంభమైంది. ఏడవ నిజాం కోడలైన యువరాణి నీలోఫర్ తన పరిచారిక ప్రసవ సమయంలో మరణించడంతో చలించి, తల్లీబిడ్డలకు ప్రత్యేక ఆసుపత్రి కోసం కృషిచేసింది. మెహదీ నవాజ్ జంగ్ పేరిట 1955లో ఏర్పడిన క్యాన్సర్ ఆసుపత్రి (ఎం.ఎన్.జె.) కూడా ధర్మసంస్థగా మొదలై తరువాత ప్రభుత్వ అధీనంలోకి వచ్చింది. నిజాం ధర్మనిధి పంజాగుట్టలో కట్టించిన ఎముకల ఆసుపత్రి కాలక్రమంలో నిజాం వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్)గా మారి, 1989లో విశ్వవిద్యాలయ స్థాయి పొందింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్థాపించిన ఆంధ్ర మహిళా సభ మద్రాసులోను, తరువాత హైదరాబాదులోను విరాళాలతో ఆసుపత్రులను నడిపింది.

పై వాటిలో ఒక క్రమం గమనించవచ్చు. దాత మొదలుపెట్టిన సంస్థ పెరిగేకొద్దీ దాని నిర్వహణ వ్యయం దాత శక్తిని మించిపోతుంది. అప్పుడు ప్రభుత్వం దానిని స్వీకరిస్తుంది, లేదా సంస్థ తన ఆదాయాన్ని తానే సంపాదించుకొనే మార్గం వెదుక్కుంటుంది.

1985 తరువాత

1980ల నుంచి రెండవ మార్గాన్ని అనుసరించిన సంస్థలు పెరిగాయి. విదేశాలలో స్థిరపడిన తెలుగు వైద్యులు, సినీ, వ్యాపార ప్రముఖులు, దేవాలయాలు, ఆధ్యాత్మిక సంస్థలు ఈ దశలో ప్రధాన దాతలు. 2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పథకాన్ని ప్రారంభించిన తరువాత పేదల శస్త్రచికిత్సల ఖర్చులో పెద్ద భాగాన్ని ప్రభుత్వమే భరించసాగింది. దీనితో దాతృత్వ సంస్థలకు కొత్త ఆదాయ మార్గం ఏర్పడింది. పథకం పరిధిలోకి రాని చికిత్సలు, రోగి సహాయకుల వసతి, పరికరాలు, పరిశోధన వంటి వాటికి విరాళాలను మళ్ళించే వీలు కలిగింది.

దాతృత్వం పనిచేసే తీరు

వైద్యానికి అందే దానాలను వాటి ప్రయోజనాన్ని బట్టి ఈ క్రింది విధాలుగా చెప్పవచ్చు.

మూలధన దానం: స్థలం, భవనం, పరికరాలు ఇవ్వడం. దాత పేరు, లేదా దాత కోరినవారి పేరు భవనానికి పెడతారు. కంటికి కనిపించే దానం కనుక ఇది ఎక్కువమందిని ఆకర్షిస్తుంది.

శాశ్వత నిధి: ఇచ్చిన మొత్తాన్ని ఖర్చు చేయకుండా, దానిపై వచ్చే ఆదాయాన్ని మాత్రమే వాడడం. ఉదాహరణకు ఒక కోటి రూపాయల నిధిపై ఏటా 7 శాతం వడ్డీ వస్తే 7 లక్షల రూపాయలు లభిస్తాయి. ఇది ఒకరిద్దరు ఉద్యోగుల జీతాలకు సరిపోవచ్చునేమో గాని, ఒక ఆసుపత్రిని నడపలేదు. ధరలు పెరిగేకొద్దీ ఈ ఆదాయం విలువ తగ్గుతుంది. అందుచేత శాశ్వత నిధికి ఎప్పటికప్పుడు కొత్త విరాళాలు చేరుతూ ఉండాలి.

అంతర్గత సర్దుబాటు: చెల్లించగలవారి నుంచి వచ్చిన మిగులుతో చెల్లించలేనివారికి ఉచితంగా వైద్యం చేయడం. 1976లో మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రారంభించిన అరవింద్ కంటి ఆసుపత్రి ఈ పద్ధతికి ప్రపంచ ప్రసిద్ధి తెచ్చింది. రోగుల సంఖ్య ఎక్కువగా ఉండి, ఒక్కొక్క శస్త్రచికిత్స ఖర్చు తక్కువగా ఉన్నప్పుడు ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది.

రోగి పేరిట సహాయం: ఒక నిర్దిష్ట రోగి చికిత్సకు చందాలు పోగుచేయడం. తెలుగు దినపత్రికల జిల్లా పేజీలలో "దాతల కోసం ఎదురుచూపు" వంటి శీర్షికలతో వచ్చే విన్నపాలు ఈ కోవకు చెందినవి. 2010ల నుంచి ఇంటర్నెట్ ద్వారా చందాలు సేకరించడం పెరిగింది. పసిపిల్లల గుండె జబ్బులు, క్యాన్సర్ వంటి వాటికి ఈ సహాయం త్వరగా అందుతుంది. స్కిజోఫ్రీనియా వంటి రోగంతో బాధపడేవారి పేరిట ఇటువంటి విన్నపాలు చాలా అరుదు. తమ ఇంట మానసిక రోగి ఉన్నట్లు నలుగురికీ తెలియడం కుటుంబాలకు ఇష్టముండదు.

వ్యాపార సంస్థల సామాజిక బాధ్యత: 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు తమ గత మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. ఈ నిబంధన 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో నాట్కో ట్రస్టు నిర్మించిన క్యాన్సర్ విభాగం (2020), హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రికి అరబిందో ఫార్మా ఫౌండేషన్ నిర్మించి ఇచ్చిన కొత్త భవనం (2023) ఔషధ కంపెనీల దాతృత్వానికి ఉదాహరణలు.

శ్రమదానం, అవయవ దానం: వైద్యులు కొన్ని రోజులు ఉచితంగా పనిచేయడం, స్వచ్ఛంద కార్యకర్తలు రోగులకు తోడుగా ఉండడం కూడా దానమే. మరణానంతర నేత్రదానం లేకుంటే కార్నియా మార్పిడి శస్త్రచికిత్స సాధ్యపడదు. ధనంతో కొనలేని దానమిది.

ప్రముఖ సంస్థలు

ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ

అమెరికాలో పనిచేసి తిరిగివచ్చిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు ఈ సంస్థ వ్యవస్థాపకుడు. ప్రముఖ చలనచిత్ర నిర్మాత, దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ హైదరాబాదు బంజారాహిల్స్‌లో 5 ఎకరాల స్థలాన్ని, కోటి రూపాయల విరాళాన్ని ఇవ్వడంతో 1987లో సంస్థ ప్రారంభమైంది. ఇక్కడ రోగులలో సుమారు సగం మందికి ఉచితంగా వైద్యం లభిస్తుంది. చెల్లించేవారికి, చెల్లించనివారికి చికిత్సలో తేడా ఉండరాదన్నది సంస్థ నియమం.

ఈ సంస్థ సేవలను ఒక పిరమిడ్ ఆకారంలో తీర్చిదిద్దింది. అడుగున సుమారు 50 వేల జనాభాకు ఒక దృష్టి కేంద్రం ఉంటుంది. దానిపైన 5 లక్షల జనాభాకు ఒక ద్వితీయ స్థాయి ఆసుపత్రి, ఆపైన 50 లక్షల జనాభాకు ఒక తృతీయ స్థాయి ఆసుపత్రి, శిఖరాన హైదరాబాదు కేంద్రం ఉంటాయి. దృష్టి కేంద్రంలో పనిచేసేది చాలావరకు శిక్షణ పొందిన స్థానిక యువతీయువకులే. అద్దాలు ఇవ్వడం, రోగాన్ని గుర్తించి పై స్థాయికి పంపడం వారి పని. ఒక్కొక్క అంచెకు ఒక్కొక్క దాత దొరకడం ఈ పద్ధతిలోని సౌలభ్యం. భవనాలకు, ప్రాంగణాలకు దాతల పేర్లు కనిపిస్తాయి. హైదరాబాదు ప్రాంగణం కల్లం అంజిరెడ్డి పేరిట, విశాఖపట్నం ప్రాంగణం జి.ఎం.ఆర్. వరలక్ష్మి పేరిట ఉన్నాయి. పాల్వంచలోని కేంద్రానికి నవభారత్ సంస్థ తోడ్పడింది.

బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి

ఆంధ్రప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి నందమూరి తారకరామారావు భార్య బసవతారకం 1985లో క్యాన్సరుతో మరణించారు. ఆమె జ్ఞాపకార్థం రామారావు తలపెట్టిన ఈ ఆసుపత్రికి అమెరికాలోని తెలుగు వైద్యులు ఏర్పరచుకొన్న ఇండో అమెరికన్ క్యాన్సర్ సంస్థ తోడ్పడింది. 2000 జూన్ 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి దీనిని ప్రారంభించారు. ఇది లాభాపేక్ష లేని సంస్థ. ప్రవాస తెలుగువారి దానంలో ధనంతో పాటు నైపుణ్యం, పరికరాల ఎంపిక, శిక్షణ వంటివి కూడా ఉంటాయనడానికి ఇది నిదర్శనం.

శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ

అనంతపురం జిల్లా (ప్రస్తుతం శ్రీ సత్యసాయి జిల్లా) పుట్టపర్తిలో 1991 నవంబరు 22న ప్రధానమంత్రి పి.వి.నరసింహారావు ఈ ఆసుపత్రిని ప్రారంభించారు. ఇక్కడ గుండె శస్త్రచికిత్సలతో సహా వైద్యమంతా ఉచితం. హార్డ్ రాక్ కేఫ్ వ్యవస్థాపకులలో ఒకడైన ఐజాక్ టిగ్రెట్ దీనికి పెద్ద విరాళమిచ్చిన వారిలో ముఖ్యుడు. డబ్బు చెల్లించే విభాగమే లేనందున అంతర్గత సర్దుబాటుకు ఇక్కడ తావు లేదు. సంస్థ పూర్తిగా భక్తుల విరాళాల మీద, శాశ్వత నిధి మీద, స్వచ్ఛంద సేవ మీద ఆధారపడుతుంది.

అమెరికాలోని మెంఫిస్ నగరంలో 1962లో ప్రారంభమైన సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనా ఆసుపత్రిని దీనితో పోల్చవచ్చు. అక్కడ కూడా రోగి కుటుంబానికి బిల్లు ఇవ్వరు. లక్షలాది మంది ఇచ్చే చిన్న చిన్న విరాళాలను సేకరించేందుకే ఒక ప్రత్యేక సంస్థ ఉన్నది.

తిరుమల తిరుపతి దేవస్థానాల వైద్య సేవలు

భక్తుల కానుకలు, ప్రత్యేక ట్రస్టులకు వచ్చే విరాళాల నుంచి తిరుమల తిరుపతి దేవస్థానాలు పలు వైద్య సంస్థలకు ఆర్థిక సహాయం చేస్తున్నాయి. అంగవైకల్యం ఉన్నవారి శస్త్రచికిత్సల కోసం 1985లో బర్డ్ ఆసుపత్రి, సూపర్ స్పెషాలిటీ వైద్యం కోసం 1993లో స్విమ్స్ ప్రారంభమయ్యాయి. పిల్లల గుండె చికిత్సకు శ్రీ పద్మావతి హృదయాలయం 2021లో ఏర్పడింది. శ్రీ వేంకటేశ్వర ప్రాణదాన ట్రస్టు గుండె, మూత్రపిండాలు, క్యాన్సర్ వంటి ప్రాణాపాయ వ్యాధులున్న పేదలకు సహాయపడుతుంది. దేవస్థానాల స్థలంలో టాటా ట్రస్టుల సహాయంతో నిర్మించిన క్యాన్సర్ ఆసుపత్రి 2022లో తిరుపతిలో ప్రారంభమైంది.

గ్రామీణ ఆసుపత్రులు

స్పెయిన్ దేశస్థుడైన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో ప్రారంభించిన గ్రామీణాభివృద్ధి సంస్థ (ఆర్.డి.టి.) బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లులలో ఆసుపత్రులను నెలకొల్పింది. స్పెయిన్‌లోని సామాన్య కుటుంబాలు నెలనెలా పంపే చిన్న మొత్తాలు దీనికి ప్రధాన ఆధారం. ప్రత్యేక వైద్యాన్ని నగరంలో గాక కరువు ప్రాంతపు పల్లెల నడుమ ఏర్పాటు చేయడం దీని విశేషం.

ఉపశమన వైద్యం

నయం కాని దశకు చేరిన క్యాన్సర్ రోగులకు బాధను తగ్గించే వైద్యాన్ని ఉపశమన వైద్యం అంటారు. దీని నుంచి ఆసుపత్రికి ఆదాయం రాదు. కనుక దాతృత్వం లేకుంటే ఇది నిలవడం కష్టం. ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగం స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో పెరిగింది. బంజారాహిల్స్ రోటరీ క్లబ్బు చొరవతో 2011లో మొదలైన స్పర్శ్ హాస్పిస్ మరణాసన్న రోగులకు ఉచితంగా ఆశ్రయమిస్తున్నది.

మానసిక వైద్యం

ప్రభుత్వ ఆసుపత్రులు

తెలుగునాట మానసిక వైద్యానికి పునాది ప్రభుత్వ ఆసుపత్రులే. విశాఖపట్నంలోని మానసిక వైద్యశాల మూలాలు 19వ శతాబ్దపు మద్రాసు ప్రెసిడెన్సీ కాలానికి చెందినవి. హైదరాబాదు రాజ్యంలో మానసిక వైద్యశాల నేటి మహారాష్ట్రలోని జాల్నాలో ఉండేది. దానిని 1953లో హైదరాబాదులోని ఎర్రగడ్డకు తరలించారు. వాడుకలో "ఎర్రగడ్డ" అన్న పేరే పిచ్చికి పర్యాయపదంగా, ఎగతాళి మాటగా మారిపోయింది. ఈ ఎగతాళి కారణంగా వైద్యం అవసరమైనవారు అక్కడికి వెళ్ళడానికి జంకడం, ఆలస్యం చేయడం జరుగుతున్నది.

అవసరం

2015-16లో బెంగుళూరులోని నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని వయోజనులలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడంలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నాటి లెక్కల ప్రకారం ప్రపంచ దేశాల ప్రభుత్వాలు తమ ఆరోగ్య వ్యయంలో సగటున 2.1 శాతం మాత్రమే మానసిక ఆరోగ్యానికి కేటాయిస్తున్నాయి.

స్వచ్ఛంద సేవలు

మానసిక వైద్యంలో దాతృత్వానికి ప్రపంచ చరిత్రలో గొప్ప స్థానమున్నది. 1796లో ఇంగ్లండులోని యార్క్ నగరంలో విలియం ట్యూక్ నాయకత్వాన క్వేకరు సమాజం చందాలతో స్థాపించిన "రిట్రీట్" మానసిక రోగులను గొలుసులతో కట్టకుండా, పనిలోను, ఆదరణలోను ఉంచి చూసే పద్ధతికి మార్గదర్శకమైంది. చెన్నైలో 1984లో డాక్టర్ శారదా మీనన్ ప్రారంభించిన స్కార్ఫ్, 1993లో వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ ప్రారంభించిన బానియన్ దక్షిణ భారతంలో పేరుపొందిన సంస్థలు. మహారాష్ట్రలో శ్రద్ధ పునరావాస సంస్థను నడిపే డాక్టర్ భరత్ వాత్వానీ, వీధులలో తిరిగే మానసిక రోగులకు వైద్యం చేసి స్వస్థలాలకు చేర్చినందుకు 2018లో రామన్ మెగసెసే పురస్కారం పొందారు.

తెలుగునాట ఈ రంగంలోని సంస్థలు చిన్నవి. 1997 నుంచి హైదరాబాదులో రోష్నీ సంస్థ స్వచ్ఛంద కార్యకర్తల ద్వారా, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారి మాటలను ఫోనులో ఓపికగా విని ఊరట కలిగిస్తున్నది. యాదాద్రి భువనగిరి జిల్లా చౌటుప్పల్‌లోని అమ్మ నాన్న అనాథ ఆశ్రమం రోడ్ల మీద తిరిగే మతిస్థిమితం లేనివారికి ఆశ్రయమిస్తున్నది. రైతుల కష్టాలు విని సాయపడేందుకు 2017లో వికారాబాదు జిల్లాలో కిసాన్ మిత్ర ఫోను సేవ మొదలయింది. మానసిక రోగం, బుద్ధిమాంద్యం రెండూ వేరువేరు. రెండవదానికి హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968 నుంచి సేవలందించింది.

దాతృత్వం ఇక్కడ ఎందుకు తక్కువ

దీనికి పలు కారణాలున్నాయి. కంటి శస్త్రచికిత్స ఫలితం మరునాడే తెలుస్తుంది. ఎన్ని శస్త్రచికిత్సలు జరిగాయో లెక్క చెప్పవచ్చు. మానసిక రోగి కోలుకోవడానికి నెలలు, ఏళ్ళు పడుతుంది. కొన్నిసార్లు రోగం తిరగబెడుతుంది. కోలుకొన్నవారు కూడా తమ అనుభవాన్ని బహిరంగంగా చెప్పుకోరు కనుక దాతకు ఫలితం కనిపించదు. రోగులలో ఎక్కువమంది చెల్లించలేని స్థితిలో ఉంటారు కాబట్టి అంతర్గత సర్దుబాటు కూడా కష్టమే. కంపెనీల సామాజిక బాధ్యత నిధులకు 2021 నాటి నిబంధనలు బహువార్షిక ప్రాజెక్టుకు, ప్రారంభ సంవత్సరం గాక మూడేళ్ళ గడువు విధించాయి. దీర్ఘకాలిక మానసిక రోగం ఈ గడువుతో ముగియదు. ప్రాజెక్టు ముగిసి మందులు ఆగితే రోగి తిరిగి మొదటి స్థితికి రావచ్చు.

చట్టం, పర్యవేక్షణ

దయ ఒక్కటే సరిపోదని 2001లో జరిగిన ఒక దుర్ఘటన చాటింది. తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడిలో ఒక దర్గా సమీపాన ఉన్న ప్రైవేటు ఆశ్రయంలో ఆగస్టు 6న అగ్నిప్రమాదం జరిగి, గొలుసులతో కట్టివేయబడిన 28 మంది మానసిక రోగులు మరణించారు. దీనిపై సుప్రీం కోర్టు తనంతట తాను విచారణ చేపట్టి, దేశమంతటా ఇటువంటి ఆశ్రయాలను తనిఖీ చేయించింది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం మానసిక రోగులను చేర్చుకొని ఉంచే ఏ సంస్థ అయినా, ధర్మసంస్థతో సహా, రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ వద్ద నమోదు కావాలి. రోగులను గొలుసులతో కట్టడం నిషిద్ధం. రోగి అనుమతి లేకుండా ఫోటోలు, వివరాలు ప్రసార సాధనాలకు ఇవ్వరాదు. విరాళాల కోసం రోగుల వీడియోలను ప్రచారం చేసే సంస్థలకు ఇది ముఖ్యమైన నిబంధన. ప్రభుత్వ ఖర్చుతో నడిచే సేవల నుంచి మానసిక వైద్యం పొందడం ప్రతి పౌరుని హక్కు అని కూడా ఈ చట్టం చెబుతున్నది. దీనితో మానసిక వైద్యం దయతో దొరికేది గాక, అడిగి పొందవలసినదిగా మారింది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం 14416 నంబరుతో టెలిమానస్ సేవను ప్రారంభించింది. ఇందులో తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

కాటారం ప్రాంతంలో

కాటారం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందు ఇది కరీంనగర్ జిల్లాలో ఉండేది. మంథని నుంచి కాళేశ్వరం వెళ్ళే దారిలో, గోదావరి తీరపు అడవులకు చేరువలో ఉన్న ఈ ప్రాంతంలో వ్యవసాయం, కూలిపని ప్రధాన జీవనాధారాలు. గిరిజన గూడేలు కూడా ఉన్నాయి.

ప్రత్యేక వైద్యం అవసరమైతే ఇక్కడివారు భూపాలపల్లి, కరీంనగర్, లేదా వరంగల్లులోని మహాత్మాగాంధీ స్మారక (ఎం.జి.ఎం.) ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడా కుదరకపోతే 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని హైదరాబాదే గతి. 2023లో భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభం కావడంతో నిపుణుల సేవలు జిల్లాలోనే లభించే అవకాశం పెరిగింది. కంటి వైద్యంలో కరీంనగర్ సమీపాన రేకుర్తిలో ఉన్న లయన్స్ కంటి ఆసుపత్రి వంటి ధర్మసంస్థలు ఈ ప్రాంతాలకు అందుబాటులో ఉన్నాయి.

మానసిక రోగుల విషయంలో దూరం మరింత పెద్ద ఆటంకం. శస్త్రచికిత్సకు ఒకసారి వెళ్ళివస్తే చాలు. మానసిక రోగి ప్రతి నెలా మందులకు వెళ్ళాలి. తోడుగా ఒకరు రావాలి. ఇద్దరి బస్సు ఛార్జీలు, భోజనం, ఆ రోజు పోయిన కూలి కలిపితే ఉచితంగా దొరికే మందు కూడా ఖరీదైనదవుతుంది. దీనికి తోడు చేతబడి, బాణామతి వంటి నమ్మకాల వల్ల మొదట భూతవైద్యుల వద్దకు వెళ్ళడం, విలువైన కాలం, డబ్బు పోగొట్టుకోవడం జరుగుతుంటుంది. ఉమ్మడి వరంగల్ జిల్లాలో 1997-98లో పత్తిపంట దెబ్బతిని పలువురు రైతులు ఆత్మహత్య చేసుకొన్నారు. అప్పు, పంటనష్టం, మనోవేదన ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని, వైద్యంతో పాటు ఆర్థిక సహాయం కూడా అవసరమని ఆ ఘటనలు తెలియజేశాయి.

ఇటువంటి ప్రాంతాలకు పెద్ద భవనం కంటే చిన్న, నిరంతర సహాయం ఎక్కువ ఉపయోగకరం. నెలకొకసారి మనోవైద్యుడు మండల కేంద్రానికి రావడానికి ప్రయాణ ఖర్చులు, రోగులకు దారిఖర్చు, ఆశా కార్యకర్తలకు రోగాన్ని గుర్తించే శిక్షణ, ప్రభుత్వ సరఫరా ఆగినప్పుడు మందుల నిల్వ వంటివి ఇందులోకి వస్తాయి. కంటి వైద్యంలోని దృష్టి కేంద్రాల నమూనా, అనగా స్థానిక యువతకు శిక్షణనిచ్చి మొదటి అంచెను వారికి అప్పగించడం, మానసిక వైద్యానికి కూడా పనికివస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక రోగాన్ని కూడా వైకల్యంగా గుర్తించింది. అర్హులైన రోగులకు ధ్రువపత్రం, పింఛను ఇప్పించడానికి తోడుగా వెళ్ళే కార్యకర్త సేవ కూడా విలువైన దానమే.

పరిమితులు, విమర్శలు

వైద్య దాతృత్వంపై ఉన్న ప్రధాన విమర్శ అది నగరాలలో కేంద్రీకృతం కావడం. పైన పేర్కొన్న సంస్థలలో ఎక్కువభాగం హైదరాబాదు, తిరుపతిలలోనే ఉన్నాయి. దాత ఇష్టపడిన రోగానికి, దాత ఊరికి సహాయం అందుతుంది గాని, అవసరం ఎక్కువగా ఉన్న చోటికి అందుతుందన్న హామీ లేదు. నిర్వహణ ఖర్చు ఆలోచించకుండా ఇచ్చిన పరికరాలు మరమ్మతులు లేక మూలపడడం కూడా కద్దు.

విదేశీ విరాళాలు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి లోబడి ఉంటాయి. 2020 సవరణ ప్రకారం పాలనా ఖర్చులకు వాడదగిన భాగాన్ని 50 నుంచి 20 శాతానికి తగ్గించారు. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరొక సంస్థకు ఇవ్వడాన్ని నిషేధించారు. దుర్వినియోగాన్ని అరికట్టడానికి ఇది అవసరమని ప్రభుత్వం చెప్పగా, పెద్ద సంస్థల ద్వారా సహాయం పొందే చిన్న గ్రామీణ సంస్థలు దెబ్బతింటాయని స్వచ్ఛంద సంస్థలు వాదించాయి.

దాతృత్వం ప్రభుత్వ బాధ్యతకు ప్రత్యామ్నాయం కాదన్నది మరొక వాదన. దాతలు కొత్త పద్ధతులను ప్రయత్నించి చూపగలరు, ప్రభుత్వం చేరలేని చోటికి త్వరగా చేరగలరు. ప్రజలందరికీ ఎల్లకాలం వైద్యం అందించే శక్తి మాత్రం పన్నుల ఆదాయం గల ప్రభుత్వానికే ఉంటుంది. నీలోఫర్, ఎం.ఎన్.జె., నిమ్స్ చరిత్రలు దీనిని బలపరుస్తున్నాయి.

దాతలు గమనించదగిన అంశాలు

విరాళమిచ్చే ముందు సంస్థ నమోదు వివరాలు, గత సంవత్సరాల ఆడిట్ నివేదికలు చూడడం మంచిది. మానసిక రోగులకు ఆశ్రయమిచ్చే సంస్థ అయితే 2017 చట్టం క్రింద నమోదైనదా, మనోవైద్యుడు క్రమం తప్పకుండా వస్తున్నాడా, కోలుకొన్నవారిని కుటుంబాల వద్దకు చేరుస్తున్నారా అన్నవి అడగవలసిన ప్రశ్నలు. ఒకేసారి ఇచ్చే పెద్ద మొత్తం కంటే ఏళ్ళ తరబడి క్రమంగా అందే చిన్న మొత్తం దీర్ఘకాలిక వైద్యానికి ఎక్కువగా ఉపకరిస్తుంది.

ఇవి కూడా చూడండి

కాటారం
జయశంకర్ భూపాలపల్లి జిల్లా
ఎల్.వి.ప్రసాద్
మల్కాపురం శాసనం
ఆరోగ్యశ్రీ
దుర్గాబాయి దేశ్‌ముఖ్
నేత్రదానం